దుమ్ముగూడెం లింకు

"మా ఊరోళ్లకు రాసే ఓపిక లేదని మీటింగ్‌ల అన్నది నువ్వే కదా అన్నా?"

భద్రాచలం నెట్ సెంటర్‌లో, ఊళ్ల సంగతులు రాయించే సంఘం తరఫున బ్లాగులన్నీ నడిపే అతను ఆమె ముందున్న తెరలోకి వంగి చూశాడు. దుమ్ముగూడెం నుంచి వచ్చిన ఆమె నొక్కిన లాగిన్ లింకు మళ్లీ 'పేజీ లేదు' అని చూపింది.

"సైటు కొత్త అడ్రసుకు మార్చిన చెల్లె. మీ లింకులు ఇంకా పాతదానికే పోతున్నయ్."

"ఇన్ని రోజులు నీకు తెల్వలేదా?"

"మార్చినప్పటి సంది నేనెన్నడూ లాగౌట్ కాలే. లింకు నొక్కే పనే పడలే."

"లోపల కూసున్నోనివి, తలుపుకు తాళం పడ్డదని నీకెట్ల ఎరుకైతది! ఊరంతా జ్వరాలతోని మంచం పట్టిందని రాద్దామని మొన్న వస్తే, పాస్‌వర్డ్ మర్చిపోయిననేమో అని సిగ్గుపడి తిరిగి పోయిన."

ఆ సిగ్గు పడాల్సింది ఎవరో అతనికి తెలిసింది.

"తప్పు నాదే. ఇప్పుడే సరిచేస్త."

"చేసినంక నువ్వు లాగౌటయి బయటికి రా. మా ఊరి లింకు నొక్కి లోపలికి పోయి చూపియ్."