జూలై ఇరవయ్యారున పెళ్లి

విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే బస్సులో అత్తాకోడళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. పొద్దుటి నుంచి గొంతులోనే ఆపుకున్న మాటను, బస్సు ఊరు దాటాక కోడలు బయటపెట్టింది.

"అత్తా, పిల్ల పెళ్లికి పాస్టరు గారు తారీఖు ఇచ్చీసినారు. జూలై ఇరవయ్యారు."

"కార్గిల్ రోజా?"

"అవును."

"ఏటే అది! ఆ రోజు బడిలో మీటింగు కదా. నా కొడుకు పేరు సెప్పి ఏటేటా మనిద్దర్నీ స్టేజీ మీద కూకోబెడతన్నారు."

"కుర్రోడికి ఆ వారమే సెలవు దొరికింది. తర్వాత బోర్డరుకి ఎల్లిపోవాల."

"మిలిట్రీవోడొద్దని నెత్తీనోరూ కొట్టుకున్నాను. నా మాటెవలిన్నారు?"

"నీ మనవరాలు ఇష్టపడింది. కడుపులో ఉండగానే తండ్రి పోనాడు. ఆ తారీఖున మనింట్లో ఒక్కసారైనా నవ్వులు ఇనబడాలంతాది అత్తా."

ముసలామె కిటికీ వైపు తిరిగింది.

"వోడు పోయింది ఆ రోజు కాదు," అంది అత్త. "ఆరో తారీఖున. ఇరవయ్యారు దేశం గెలిసిన రోజు."

"ఔనత్తా. ఆరున ఎప్పట్లాగే సమాధి కాడికి ఎల్దాం."

"హెడ్మాస్టరుకి ఫోను కలుపు."

కోడలు కలిపి ఇచ్చింది.

"బాబూ, ఈయేడు మేం స్టేజీ ఎక్కలేం. మాయింట్లో పెళ్లి. మీటింగవగానే పిల్లలందర్నీ తీసుకొని భోజనాలకి వచ్చీయండి. పెళ్లికొడుకెవలంటారా? మావోడే బాబూ, మిలిట్రీవోడు."