ఏడో మర దగ్గర గాలి

వంతెన కొట్టుకుపోయిన వరద తర్వాత మూడో ఏడు. గాలిమరల దగ్గర నా కాపలా గదికి ఇంజనీరు వచ్చాడు. ఏడో మర పైనుంచి మా తమ్ముడు పడి చనిపోతే, రక్షణ బెల్టు పెట్టుకోలేదని రాసిపెట్టింది అతనే.

“రేపు తనిఖీవాళ్లు వస్తున్నారు పెద్దాయనా. ఏడో మర దగ్గర గాలి కొలుస్తారట.”

“కొలవనివ్వండి సార్.”

“సుడి ఉందని తేలితే, ఆ మరను అక్కడ పెట్టించిన నా ఉద్యోగం ఊడుతుంది. అక్కడ గాలి ఎప్పుడు నిమ్మళంగా ఉంటుందో నీకే తెలుసు.”

“ముందున్న మర గాలిని చిలికి దీని మీదికి తోస్తోందని మా తమ్ముడు మొత్తుకున్నాడు. అప్పుడు నవ్వారుగా?”

“పాత సంగతులు తవ్వకయ్యా.”

“వాడు ఎన్నింటికి పడ్డాడో గుర్తుందా?”

“అవన్నీ ఎవరికి గుర్తుంటాయి? టైము చెప్పు, ఆ వేళకే కొలిపిస్తాను.”

“పొద్దున్న ఎనిమిది. దీపం పెట్టినా ఆరదు.”

“బతికించావు!”

“వెళ్లిరండి సార్.”

మర్నాడు ఎనిమిదికి, సుడి మా తమ్ముణ్ణి విసిరేసిన ఆ వేళకే, కొలిచే పెట్టెలో ముల్లు పిచ్చిపట్టినట్టు ఊగింది. ఇంజనీరు నావైపు చూశాడు. మూడేళ్లుగా దాచిన తమ్ముడి బెల్టు తీసి, తెగిన కొస కనబడేలా తనిఖీ అధికారి ముందు పెట్టాను.