వంకర కాలర్లు

చొక్కాలు కుట్టే షెడ్డు పక్కన, బట్టల తానులు పేర్చిన స్టోరు గది. లైను సూపర్వైజరక్క, ఆమె లైనులో చొక్కాలకు కాలరు అతికించే మనిషి తలుపేసుకుని నిలబడ్డారు. తలుపేసినా మిషన్ల మోత ఆగలేదు.

“కూర్చోమన్నానుగా.”

“ఫర్వాలేదక్కా. షెడ్డులో పనుంది.”

“ఆ పని గురించే పిలిచా. ముందు మంచి మాట చెప్తా విను. నువ్వు టైముకొస్తావు. ఎవరితోనూ గొడవ పెట్టుకోవు. నీ చేతిలో పనితనముంది.”

“తర్వాత?”

“తర్వాతేంటి?”

“మేనేజరు మీ సూపర్వైజర్లందర్నీ కూర్చోబెట్టి నేర్పాడటగా, ముందు పొగిడి తర్వాత వాయించమని. పొగడ్త అయింది. ఇక వాయించు.”

“నీ నోటికి తాళం లేదే! నీ మంచికే చెప్తున్నా. ఒకప్పుడు నిన్ను షెడ్డంతా మెరుపు అనేది. ఈ నెలంతా లైను మొత్తం నీ దగ్గరకొచ్చి ఆగిపోతోంది. ఏమైంది? ఇంట్లో ఏమన్నా గొడవా?”

“ఇంట్లో ఏం లేదు.”

“మీ ఆయన...”

“ఆయన బానే ఉన్నాడు.”

“మరేం రోగం? మిషను సతాయిస్తోందా?”

“మిషనూ బానే ఉంది. సూటిగా చెప్పక్కా. నన్ను తీసేస్తున్నారా?”

“తీసేస్తారని నేనన్నానా?”

“ఉంచుతారనీ అనలేదు.”

“లైనుకి అడ్డం పడుతున్నదెవరో సాయంత్రంలోగా పేరు చెప్పమన్నాడు మేనేజరు. అందుకే నా తాపత్రయం. నిన్న నీ వెనక నిలబడి చూశా. కుట్టడం కంటే విప్పడమెక్కువ నీకు. కాలరు చేతికి రాగానే బ్లేడు తీస్తావు. విప్పుతావు, మళ్ళీ కుడతావు. ఒక్కసారికే సరిగ్గా కుట్టడం నేర్చుకో. అంతే నేను చెప్పేది.”

“నేను విప్పేది నా కుట్టు కాదు.”

“అదేం మాట?”

“కాలరు తయారై నా చేతికొచ్చేసరికే ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి. అలాగే అతికిస్తే కుక్క చెవిలా వేలాడుతుంది. నా ముందు మిషను మీద ఎవరున్నారో నీకు తెలీదా?”

“మెల్లగా మాట్లాడు.”

“మీ అమ్మే కదక్కా!”

“మెల్లగా అన్నానా!”

“ఆవిడకి సూది మొన కనబడట్లేదు. దారం కూడా నేనే ఎక్కిస్తున్నా. పిల్లా, ఓసారి ఎక్కించి పోవే అంటుంది. ఎలా కాదంటాను? దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి మార్పించొచ్చుగా?”

“అక్కడ ఖాళీ లేదు. చూపు పోయిందని తెలిస్తే సరాసరి గేటు బయటికే. గేటు దాటిన రోజే మా అమ్మ మంచమెక్కుతుంది. నీకేం తెలుసు?”

“అంటే నీకు ముందే తెలుసు.”

“తెలుసే! తెలిసే నిన్ను జేబుల మిషను మీద నుంచి లేపి ఆవిడ వెనక కూర్చోబెట్టా. నీ చేతిలో పడితే ఎంత వంకరైనా తిన్ననవుతుందని. చాలా?”

“చాలదు. ఆవిడ తప్పులు నా చేత దిద్దించావు. ఆలస్యం నా నెత్తిన రుద్దావు. నిన్న అందరి ముందూ ‘మెరుపు కాదు, నత్త’ అన్నావు. ఆవిడ కూడా నవ్విందక్కా, పాపం, ఎందుకో తెలీక. ఇప్పుడేమో నా మంచికేనంటున్నావు!”

“నీకు వయసుంది. ఇంకో షెడ్డులో రేపే తీసుకుంటారు. మా అమ్మనెవరు తీసుకుంటారు? ఎక్కడికే? ఆగు. సరే, నీ పేరు చెప్పను. మేనేజరుకి నేనేదో సర్దిచెప్తా. నాలుగు రోజులు ఓపిక పట్టు. నువ్వు మాత్రం ఎప్పట్లాగే విప్పి...”

“పొద్దున్నించి ఒక్కటీ విప్పలేదక్కా. వచ్చింది వచ్చినట్టే అతికించి పంపేశా. ఆ తలుపు కొడుతున్నది, చొక్కాల్లో తప్పులు పట్టే చెకింగు వాళ్ళే అయుంటారు, తియ్యి.”