ఇస్సాకు నిలువు

మండవల్లి దగ్గర చేపల చెరువు గట్టు. కాపలాదారు ఇస్సాకు పాక ముందు, పాతకాలపు కొలతల మీద ప్రాజెక్టు చేస్తున్న ఏలూరు కాలేజీ అమ్మాయి సాహితి.

"కదలకండి. మోచెయ్యి బల్లకి ఆనించండి. వేళ్ళు చాపండి... అబ్బ! ఇరవై మూడు అంగుళాలు! మామూలు మూర పద్దెనిమిదేనండీ ఇస్సాకు గారూ."

"అందుకేనమ్మా, పూలమ్మే అచ్చాయమ్మ నన్ను కొలవనిచ్చేది కాదు. నీ మూరకి పూలిస్తే నా బుట్ట ఖాళీయే అనేది."

"పూలు ఎవరికండీ?"

"టీ తాగుతారా? గ్లాసులు రెండున్నాయి."

"తాగుతానండీ. ముందు నిలువు కొలిచేద్దాం. లేచి నిలబడి, టేపు కొస మడమ కింద తొక్కిపట్టండి చాలు."

"తొందరేముందమ్మా. పూర్వం మనుషులు తాటిచెట్టంత ఉండేవారంట. మా తాత చెప్పేవాడు. ఒకాయన కొల్లేట్లో దిగితే మోకాళ్ళ దాకానే నీళ్ళంట. కూర్చుని కాళ్ళు చాపితే ఒక పాదం మండవల్లిలో, ఇంకోటి..."

"ఆకివీడులో. ఇందాకే రాసుకున్నానండీ."

"చెప్పేశానా? ఆయనకి పెళ్ళి కాలేదంట. అది చెప్పలేదు కదా? అంత మనిషి పక్కన ఎవరు నిలబడతారు చెప్పండి."

"మీకు పెళ్ళయింది కదండీ?"

"పంచదార సరిపోయిందా?"

"సరిపోయిందండీ. ఒక్క నిమిషం లేవండి, ప్లీజ్. ఐదింటి బస్సు పోతే నాకు మళ్ళీ బస్సు లేదు."

"అందరూ ఫోన్లు పట్టుకుని వస్తారమ్మా. నా పక్కన నిలబడి ఫోటో తీసుకుని పోతారు. ఎవరూ కూర్చోరు. మీరు కూర్చున్నారు. ఇంకాసేపు..."

"మళ్ళీ వస్తాను కదండీ. నిలువు ఒక్కటే మిగిలింది. అది లేకపోతే నా ప్రాజెక్టు సగమే. ఈ చెరువుల లోతులన్నీ మీ నిలువుతోనే కొలిచారట కదా!"

"ఎవరు చెప్పారు?"

"చెరువు యజమాని హరిప్రసాద్ గారే. తవ్వేటప్పుడు టేపే తేలేదంట. మిమ్మల్ని దింపి, ఇస్సాకుకి ఎందాకా అని అడిగేవారంట."

"అడిగేవారు. మొలదాకా అంటే మొలదాకా అని రాసుకునేవారు. నాకెంత గొప్పగా ఉండేదో. ఇప్పుడెవరూ అడగరు. అడిగినా చెప్పను."

"ఎందుకండీ?"

"ఎందుకంటే... ఆ ఫోన్లో రికార్డింగ్ ఆపండమ్మా."

"ఆపేశాను. చూడండి."

"మా ఆవిడ రూతమ్మది చింతలపూడి. మెట్ట మనిషి, ఈత రాదు. ఆరోజు వల లాగడానికి ఒక మనిషి తక్కువైతే నేనే రమ్మన్నాను. గట్టు మీద నిలబడి, లోతెంతయ్యా అని అడిగింది. నేను నీళ్ళలో ఉన్నాను. పీకల్లోతే, దిగు అన్నాను."

"ఇస్సాకు గారూ..."

"నా పీకల్లోతమ్మా అది. ఆవిడకి నిండా మునిగే లోతు. అందరికీ చెప్పినట్టే ఆవిడకీ చెప్పేశాను. వల తాడు పట్టుకుని అటు తిరిగాను. తాడు వదులైతే వెనక్కి చూశాను. గట్టు మీద లేదు. నీళ్ళ పైనా లేదు."

"అయ్యో... వెతకలేదా ఎవరూ?"

"నేనే తీశాను. నాకు పీకల్లోతే కదా."

"క్షమించండి. నాకు తెలీదు. టేపు లోపల పెట్టేస్తున్నాను. నిలువు దగ్గర ఖాళీ వదిలేస్తానండీ."

"ఖాళీ ఎందుకమ్మా, నాకు తెలుసు కదా. టేపుతో పన్లేదు, రాసుకోండి. ఇస్సాకు నిలువు... రూతమ్మ కంటే మూరెడు ఎక్కువ."