స్టేడియంలో రవణమ్మ పెళ్లి

“నాన్నమ్మా, రవణమ్మ మామ్మ పెళ్లి స్టేడియంలో చేసారట, నిజమేనా?”

ఎవులు సెప్పినారే నీకు? మీ నాన్నేనా? ఆడికేటి తెలుసు, అప్పటికి ఆడు పుట్టనేదు. నిజమే గాని. కూకో, సెప్తాను. ఆ ఫేను కొంచెం తగ్గించు, నా మాట నాకే ఇనబడతం నేదు.

మీ తాత వర్క్‌షాపులో ఫిట్టరు కదా. ఈ బెంగాలీ ఊల్లో రైల్వే పని, బొగ్గింజన్ల రోజులవి. మాకిచ్చిన కోటరు ఒకటే గది, ముందర చిన్న వరండా. అందులోనే మీ తాత, నాను, మా అత్త, రవణమ్మ. రవణమ్మంటే మీ తాత సెల్లెలు, నాకు ఆడబడుసు. దానికి సమ్మందం కుదిరినాది. పెల్లికొడుకోరు పలాస అవతల నుంచి రైలెక్కి ఒస్తారు, ఓ అరవై మంది... అరవై కాదు, ఇంకా ఎక్కువే. ఆల్లనెక్కడ కూకోబెడతాం, సెప్పు?

మీ తాత అన్నాడు, స్టేడియం అడుగుదామని. వానల్లో అక్కడ ఫుట్‌బాలు, సలికాలం కిరికెట్టు. ఫాల్గునం ఒచ్చేసరికి మేకలు తప్ప ఎవులూ ఉండరు. రైల్వే మనుసులు పెల్లికో, భజనకో, నాటకానికో అడిగితే ఇచ్చీవోరు. మా అత్తకి నచ్చనేదు. ఆటలాడే సోట పుస్తి కడతారేటి అంది. మీ తాత కాయితం ఎట్టుకున్నాడు, ఆఫీసరు సరే అన్నాడు.

అక్కడ గడ్డి సూసుకునే మాలీ ఒకడుండీవోడు, నిమాయ్ దా అనీవోల్లం, దా అంటే అన్న, బెంగాలీ ఆయన. ఆయన మీద నాకు మొదటి దినం నుంచీ అనుమానమే. నాకు పుట్టుకతోనే అది ఎక్కువ. మా నాన్నా అంతే, తాళం ఏసి మూడు సార్లు లాగి సూసి, ఈది సివర దాకా ఎల్లి మల్లీ ఒచ్చి లాగీవోడు. సరే, అదొదిలీ.

ఆయన నవ్వడు. మనతో మాటాడతన్నా సూపు మన కాల్ల మీదే, గడ్డి తొక్కీస్తన్నామేమోనని. పెల్లి ఇంకా వారముందనగా మా కోటరుకి ఒచ్చినాడు. పొయ్యి ఎక్కడ ఎడతారు, పందిరి ఎటేపు, పంక్తి ఎటేపు, ఎన్ని గంటలకి తింటానికి కూకుంటారు బౌదీ, అంటే ఒదినా, అని ఒకటే ఆరా. నీకెందుకయ్యా అన్నాను. పోనాడు. రెండ్రోజులకి మల్లీ ఒచ్చినాడు, అదే మాట. గ్రౌండులో మా పందిరి బొంగులు రెండు పీకీసి పక్కకి పాతినాడు కూడాను. ఇంక కుళాయి కాడ ఎవులో అన్నారు, తెలుగోల్లు తన గ్రౌండు పాడుసేస్తారని ఆయన ఆఫీసరుకి సెప్పుకున్నాడట. అదినీసరికి ఇంకేటుంది. ఈ మనిసి మన పెల్లి సెడగొడతాడు, ఎలాగా అన్నదే తెలీదు, అనుకున్నాను.

పెల్లినాడు తెల్లారగానే అరిటాకుల కట్టలు పట్టుకుని ఎల్లినాను. రూపాయికి ఎన్నాకులొచ్చీవో అప్పట్లో... సరే. సూద్దును కదా, గోల్‌పోస్టు కాడ, పంక్తి ఎయ్యాలనుకున్న సోట, నేలంతా తడి. కాలెడితే ఎర్రమట్టి ముద్దలా అంటుకుంటంది. ఆయన రబ్బరు పైపు పట్టుకుని తాపీగా పందిరేపు ఒస్తన్నాడు.

నాను ఏటీ అడగనేదమ్మా. ఒక్క మాట అడగనేదు. ఆకులక్కడే పడీసి మీ తాత కాడికి పరిగెట్టినాను. “సూసినావా, బురద సేసీసినాడు, మగపెల్లోరు బురదలో కూకుని తినాలి” అన్నాను. మీ తాత సైకిలేసుకుని ఆఫీసరింటికి పోనాడు. ఆఫీసరు ఒచ్చి తడి సూసినాడు. “పైపు కింద పెట్టు. రేపట్నుంచి నీకిక్కడ డూటీ నేదు, ఇంటికి పో” అన్నాడు. ఆయనేదో సెప్పబోనాడు, “సాబ్...” అని. ఆఫీసరు ఇననేదు.

అప్పుడు ఆయన కుళాయి కట్టీసి, పైపు సుట్టలు సుట్టి గేలరీ కిందెట్టి ఎలిపోనాడు. నా వేపు సూడనైనా సూడనేదు. నాకు కడుపు సల్లబడినట్టుంది, దాచుకోటం ఎందుకు.

పది దాటినాక గాలి లెగిసినాది. ఫాల్గునంలో ఇక్కడి గాలి నీకు తెలుసు కదా. పందిరి కాడ ఎండినేల, దుమ్ము పైకి లెగిసిపోతంది. పంతులుగారు కల్లు నులుపుకుంటన్నారు, పెల్లికొడుకు తెల్ల పంచి ఎర్రగయిపోనాది. తలంబ్రాలు పోత్తంటే బియ్యంతో పాటు దుమ్మూ రాలినాది. రవణమ్మ అత్తగారు మొకానికి కొంగడ్డెట్టుకుని కూకుంది.

పుస్తి కట్టీసినారు. పంక్తికి లెమ్మన్నారు. అటేపు ఎల్లితే ఏటే, ఆ తడంతా ఎండకి ఆరి, అలికిన నేలలాగ గట్టిపడిపోనాది. ఒక్క రేణువు ఎగరటం నేదు. ఆకులు ఏసినవి ఏసినట్టే ఉన్నాయి. పెల్లికొడుకు పెదనాన్న, పెద్దాయన, అన్నం కలుపుకుంటా “నీల్లు కొట్టించినారా అమ్మా, మంచి పని సేసినారు, పందిరి కాడా కొట్టిస్తే బాగున్ను” అన్నాడు.

నాకప్పుడు తెలిసినాది. పందిరి కాడికి ఆ పైపు రాకుండా ఆపిందాన్ని నానే.  ఆ రాత్రే మీ తాతకి సెప్పినాను.

ఆ మాలీని మురికి కాలవలు తీసే పనికి ఏసీసినారు. మూడో దినం నానూ మీ తాతా లడ్డూలు కట్టుకుని ఝపటాపూర్‌లో ఆల్లింటికి ఎల్లినాం. ఆయన పెల్లాం గుమ్మానికి అడ్డంగా నిలబడినాది. “ఇంకేం కంప్లేంటు తెచ్చినారు?” అంది. డబ్బా ఇస్తే పుచ్చుకోనేదు. “ముందు మీరు తినండి, నేను సూస్తాను” అంది. ఏటనుకున్నాదో మరి. నాను ఆ గుమ్మం ముందర నిలబడి ఒక లడ్డూ అంతా తిన్నాను, ఆవిడ సూస్తంటే. అప్పుడు పుచ్చుకున్నాది.

ఆయన బయటికొచ్చినాడు. తప్పయిపోనాది దాదా అన్నాను. “మీకోసం నీల్లు కొట్టనేదు. ఎండినేల మీద అంతమంది నడిస్తే గడ్డి ఏరు తెగిపోద్ది. గడ్డి కోసం కొట్టినాను” అన్నాడు.

“మరి ఎన్ని గంటలకి తింటారని ఎందుకడిగినావు?” అన్నాను.

“ఆరాలి కదా” అన్నాడు. అని లోపలికి పోనాడు.

ఆరితే ఏటి, ఆరకపోతే ఏటి, గడ్డికి? నువ్వే సెప్పు.

మీ తాత ఆఫీసరు కాడికి నాలుగు సార్లు తిరిగినాడు, తప్పు మాదేనని. సూద్దాం అనీవోడు ఆయన. వానలొచ్చినాయి, గ్రౌండంతా పిచ్చిమొక్కలు మొలిసినాయి, ఆడేవోల్లు గోల సేసినారు. అప్పుడు పిలిసినారు ఆ మాలీని. ఆ మూడు నాలుగు నెలలూ ఆయన కాలవల్లోనే ఉన్నాడు. నావల్లే. తరవాత బజార్లో కనబడితే తలూపీవోడు, అంతే. నానూ పలకరించనేకపోనాను.

అనుమానం పోయిందా అంటే పోనేదే. మొన్న నువ్వు మెట్ల మీద కూకుని ఫోన్లో గుసగుసలాడతంటే నాకు ఎన్ని ఆలోసనలొచ్చినాయో. గాని అడిగినాను కదా నిన్నే? మీ అమ్మకి సెప్పనేదు కదా? అంతే.

సల్లగుండు తల్లీ. నీ మీద మాటొచ్చే రోజంటూ ఒస్తే, ముందు నీ కాడికొచ్చి ఏటమ్మా అని నిన్నడిగే మనిసి నీకుండాల. అదే నాను కోరుకునేది... ఆ, ఇంక ఫేను పెంచు.