వీరలచ్చిమి సీసాలో బంగారు చేపలు

వీరలచ్చిమని మా ఊళ్లో జాకెట్లు కుట్టుద్ది చూడండి, ఆవిడకి తమ్ముడు తిరనాళ్లలో రెండు బంగారు చేపలు కొని, కవర్లో నీళ్లు పోసి తెచ్చిచ్చాడంట. నిప్పుకణికల్లా ఉన్నాయనుకోండి. మరి వాటినెక్కడ పెట్టాలి? బిందెలో వేస్తే ఎవరికీ కనపడవు గదా! అందుకని ఆవకాయ పెట్టుకునే గాజుసీసా కడిగి, అందులో వేసి, కుట్టుమిషను పక్కన పెట్టింది. వచ్చిన ఆడోళ్లందరూ జాకెట్టు సంగతి మర్చిపోయి చేపల్నే చూస్తన్నారు, ఈవిడేమో మురిసిపోతంది.

ఏమైందంటే, మూడోనాడు నాంచారమ్మ వచ్చింది. నాంచారమ్మంటే గంపలో చేపలేసుకుని వీధులెంట అమ్ముకునే మనిషి. సీసా చూసి, "అక్కా, ఇరుకైపోయి గాలాడక నోళ్లు పైకి పెడతన్నాయే. వెడల్పు తొట్టెలో వెయ్యి," అందంట. అంతే! పదిమంది ముందర తనకి చెప్పిందని ఈవిడకి రోషం పొడుచుకొచ్చింది. "చేపల్ని కోసి అమ్ముకునేదానివి, పెంచడం నాకు నేర్పుతావటే?" అనేసింది. అందరూ గొల్లున నవ్వారు. నాంచారమ్మ ఏం చేసిందనుకున్నారు? గంపెత్తుకుని పోయింది.

తెల్లారేసరికి ఒక చేప వెల్లకిలా తేలింది. వీరలచ్చిమి దాన్ని గుడ్డపీలికలో చుట్టి పెరట్లో పాతిపెట్టి, అడిగినోళ్లకి పిల్లి ఎత్తుకుపోయిందని చెప్పింది. రెండోది కూడా అట్టాగే నోరు తెరుస్తా మూస్తా ఉంటే ఇంక కూచోలేక, సీసా కొంగుకింద దాచుకుని నాంచారమ్మ ఇంటికెళ్లి, గుమ్మం బయటే నిలబడిపోయింది. నాంచారమ్మ కొంగు చూసింది, మొగం చూసింది. లోపలికి రమ్మని, కొర్రమీనులున్న సిమెంటు తొట్టె ఖాళీ చెయ్యబోయింది. అయ్యో, నీ బేరం పోద్దేమోనే అని ఈవిడంటే, "ఇయ్యి తడిగోనెలో అయినా బతుకుతాయిలే అక్కా, దానికే నీళ్లు కావాలి" అంటా, కొత్తనీళ్లు నింపి, ఆ నీళ్లే సీసాలో కాసిని కాసిని కలిపి, చేపని నెమ్మదిగా వదిలింది. అది తోకాడించుకుంటా ఈ మూల నుంచి ఆ మూలకి పోయింది.

"ఇంకోటి పిల్లి తిన్నదంటగా?" అంది నాంచారమ్మ. వీరలచ్చిమి తలెత్తలేదు. "పిల్లి కాదే. నేనే చంపుకున్నా. ఆవేళ నిన్నట్టా అనుండకూడదు," అంది. నాంచారమ్మ పొయ్యి వెలిగిస్తా, "టీ పెడతా, తాగెళ్లు" అంది.

చేప బతికింది లెండి, అక్కడే ఉంది. కొర్రమీనులకి వేరే తొట్టె వీరలచ్చిమే తెచ్చిచ్చింది. ఆ బంగారు చేప ఎవరిదని ఎవరన్నా అడిగితే, "నాంచారమ్మదే" అంటది. మర్యాదకి అంటదో, సిగ్గుతో అంటదో, నేనైతే అడగలేదు. మీరూ అడగమాకండి.