క్రోటన్ కుండీలో చిన్నాయన వంతు

ఆ ఎరువు పొట్లం విప్పబాకు రమణా, దాని మీద ఏం రాసుండాదో ముందు చదువు. మూడు అంకెలూ ఒకే లెక్కా? అయితే తిరిగి ఇచ్చేసి రా. ఆకు చెట్లకు మూడు పాళ్ళు ఆకు సత్తువ, ఒక పాలు వేరు సత్తువ, రెండు పాళ్ళు బూడిద సత్తువ ఉండాల. నాకెట్ల తెలుసంటావా? లాల్‌బాగు తోటలో పని చేసే జయరామప్ప మా పక్కింట్లోనే ఉండె గదప్పా. మా పిన్నమ్మ సొన్నమ్మకు చెప్పి చెప్పి ఆయప్పకు నోరు నొప్పి పుట్టింది. అట్లని ఆకు సత్తువే గుమ్మరిస్తే గూడా చెడుతుంది, అదే చెప్తా ఉండా. అప్పుడు యుద్ధం కాలం. మా చిన్నాయన వెంకటరాయప్ప మిలిట్రీ లారీ తోలను బర్మా దిక్కు పొయ్యినాడు. పొయ్యే ముందు ఒక క్రోటన్ తెచ్చి కుండీలో నాటినాడు, ఎరుపూ పసుపూ కలిసిన ఆకు, ఎంత బాగుండె అనుకున్యావు! ఊరికి పొయ్యినోళ్ళ వంతు ఎత్తిపెట్టేది మా ఇంట్లో వాడిక. పిన్నమ్మ దినామూ ఆయన సంగటి ముద్ద ఎత్తిపెట్టి, తెల్లారినాక నూనె తీసిన చెనిక్కాయ చెక్కతో నానేసి, ఆ నీళ్ళు కుండీలో పోసేది. రాగులేమో రేషన్‌లో. మా అవ్వ, "ఏమే, పిల్లోళ్ళు ఆకలంటా ఉంటే చెట్టుకు సంగటా?" అని అరిస్తే, "అది నా మొగుని వంతు, అత్తా" అనేది. కొడుకు మాట వచ్చేసరికి అవ్వ తన ముద్దలోనే తుంచి మాకు పెట్టేది.

చెట్టు గోడెత్తు లేసింది. ఆకు మాత్రం అంతా పచ్చగా, పాలకూర మాదిరి. "సత్తువ ఎక్కువై ఆకు బణ్ణమే పొయ్యిందమ్మా, ఆ ఎరుపూ పసుపూ ఏదీ? కొన్నాళ్ళు ఏమీ పొయ్యొద్దు, ఎండలో పెట్టి ఇంత బూడిద చల్లు, చాలు" అన్యాడు జయరామప్ప. ఆయప్పకేం తెలుసు పాపం! నిలిపేస్తే మొగుడు ఇంక రాడని ఒప్పుకొన్నట్లే గదా. యుద్ధం ముగిసింది, పొయ్యినోళ్ళు ఒకరొకరే వచ్చిరి. చిన్నాయన రాలే, సుద్దీ రాలే, ఒక జాబన్నా లేదు. "వచ్చి ఇది నా చెట్టు కాదంటే ఏం చేస్తావే?" అని మా అమ్మ అడిగింది. "రానీ అక్కా. వచ్చి అననీ" అనింది.

ఒక దినం మా అందరికీ ముద్దలు పెట్టి, తనదీ పెట్టుకొని కూర్చునింది. ఆయన వంతు ఎత్తిపెట్టలే. అవ్వ తింటా తింటా లేచి దొడ్లోకి పొయ్యి ఏడ్చింది.

కుండీకి ఆ సంగటి నీళ్ళు నిలిచె. వానలు పొయ్యినాక కొత్త చిగురు ఎర్రగా వచ్చింది. జయరామప్ప సంబరంగా లోపలికే వచ్చేసినాడు, "చూసినారా అమ్మా, నేను చెప్పలే?" అని. మా అమ్మ కంటితో సైగ చేసినా ఆయప్పకు తెలియలే. పిన్నమ్మ బయటికొచ్చి ఆ చిగురు పట్టుకొని చూసింది. "బాగుండాదప్పా. ఆయన తెచ్చినప్పుడు ఇట్లే ఉండె" అనింది.

ఊఁ... పాలోడు వచ్చినాడేమో చూడు పో.